గోవిందప్ప సారు చెప్పిన అమెరికా

పొద్దున్నే ట్యాంకరు వచ్చి సోలార్ పలకలు కడుగుతుంటుంది. గాలి మా వాకిలి వైపు తిరిగితే చాలు, తడి మట్టి వాసన గుప్పుమంటుంది. పావగడలో చినుకు రాలి నెలలవుతున్నా ఈ వాసన మాత్రం ఠంచనుగా వస్తుంది. ముక్కుకు వాన, కంటికి ఎండ. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మంటతో పాటే గోవిందప్ప సారు గుర్తొస్తాడు. మా హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. మమ్మల్ని విసిగించడానికే పుట్టాడేమో అనిపించేది. బడి ముందు దుమ్ములో పుల్లతో ఈ పక్క ఇంగ్లండు, ఆ పక్క అమెరికా గీసి, నడుమ బిందెడు నీళ్లు కుమ్మరించి "ఇదప్పా సముద్రం" అనేవాడు. ఆ బిందె బోరింగు దగ్గర కొట్టుకొచ్చేది నేను. రాజుగారి ఆజ్ఞ ఒక కానుగాకు మీద ఈ దరి నుంచి ఆ దరికి పోవాలి. అది సగం దూరం పోకముందే మా ఎండకు సముద్రం ఇంకిపోయేది. "ఇంగో బిందె తేపో రత్నమ్మా!" అనేవాడు. అమెరికా స్వాతంత్ర్యం కోసం నేను మోసినన్ని నీళ్లు అమెరికా వాళ్లు కూడా మోసి ఉండరు.

అసలు ఆ పాఠం ఎంతని? మాది కర్ణాటక కాబట్టి కన్నడ పుస్తకం, అందులో రెండు పేజీలు. దాన్ని ఆయన మా ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగులో సాగదీసి సాగదీసి, వానాకాలంలో మొదలుపెట్టి చలికాలం దాకా లాక్కొచ్చాడు. మిగతా పాఠాలకు మంగళం పాడేశాడు. పరీక్షలో ఫ్రాన్సు గురించి అడిగితే మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "ఇంగ్లండు రాజు చెడ్డోడు, అమెరికా మీద పన్నులేసినాడు, జనం తిరగబడినారు, అంతే కద సార్?" అంటే ఆయనకు కోపం ముంచుకొచ్చేది. "చెడ్డోడని నీకెవరు చెప్పినారు? ఆ అమెరికావాళ్ల సరిహద్దుల కోసమే పెద్ద యుద్ధం చేసినాడు. అప్పులపాలైనాడు. మీరూ కొంచెం మోయండన్నాడు. తప్పేముండాది?" మేము బుర్రలూపి తప్పు లేదు సార్ అనేవాళ్లం. "తప్పు లేకుంటే మరి ఎందుకు కొట్లాడినారు?" అని మళ్లీ మా మీదికే వచ్చేవాడు. ముందుకు పోతే గొయ్యి, వెనక్కు పోతే నుయ్యి. ఆ గంట ఎప్పుడు కొడతారా అని చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్లం.

ఆ ఏడాదే మా ఊళ్లో మారెమ్మ జాతర వచ్చింది. జాతరకు ఇంటింటా రాగులు వసూలు చేస్తారు. అంతకుముందు కూటం పెట్టి ఇంటికొక మనిషిని పిలుస్తారు. పిలుపు రాని ఇల్లు గింజ ఇవ్వక్కర్లేదు. అది మా ఊరి కట్టు. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు, సెంటు భూమి లేదు, ఊరి చివర ఉంటాం. కూటానికి మమ్మల్ని పిలవలేదు గానీ రాగులకు మాత్రం సంచి పట్టుకుని వచ్చారు. మా నాయన గడప దాటలేదు. "పిడికెడు గూడా ఈను, పోండి" అన్నాడు. ఇంట్లో రాగులు లేక కాదు, గరిసె నిండుగా ఉంది. ఊరంతా ఆయన్ని పిసినారి అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మరునాడు తరగతిలో గోవిందప్ప సారు ఏం చేయాలి? చూసీ చూడనట్టు ఊరుకోవాలా వద్దా? "రత్నమ్మా, లెయ్. మీ నాయన రాగులెందుకు ఇయ్యలే?" అని అందరి ముందూ అడిగాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. "మమ్మల్ని కూటానికి పిలవలే సార్" అన్నాను. ఆయన బల్ల మీద చరిచాడు. "విన్నారా? ఇదప్పా అమెరికా! పన్ను బరువైందని కాదు, పన్నేసే కూటానికి పిలవలేదని. మేమూ నీ బిడ్డలమే, మమ్మల్నీ పిలువు అని ముందు రాజుకు మొర పెట్టుకున్నారు. వినలే. వాని బట్ట మాకొద్దన్నారు, టీ మాకొద్దన్నారు, సముద్రంలో పారబోసినారు. వాడు రేవు మూసేసి సోల్జర్లను తోలినాడు. తుపాకీ అన్నిటికన్నా చివర్న వచ్చిందప్పా." మా ఇంటి గుట్టు రచ్చకీడ్చి పాఠం చెప్పిన ఆ మనిషి మీద కోపంతో ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు సోలార్ పార్కు వచ్చింది. భూములున్నవాళ్లు కంపెనీలకు లీజుకిచ్చారు, సారు కూడా ఇచ్చాడు. మాకు ఇవ్వడానికేముంది? గొర్రెలే. మా తాత నాటి నుంచి మందలు కుంటకు పోయే దారికి అడ్డంగా కంచె లేచింది, గేటు పడింది. చుట్టూ తిరిగి పోతే గొర్రెపిల్లలు నడవలేక కూలబడేవి. దారి తెరవకపోతే ఎండాకాలంలోపు మందలు అమ్ముకోవడం తప్ప గతి లేదు. దారి సంగతి తేల్చడానికి ఆఫీసర్లు మీటింగు పెడతామన్నారు. పిలిచింది భూములిచ్చిన వాళ్లనే. నేను సారు ఇంటికి పరుగెత్తాను. రిటైరై అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"సార్, మిమ్మల్ని పిలిచినారు కదా. మా దారి గురించి ఒక్క మాట చెప్పండి."

"చెప్పను."

"అదేంది సార్!"

"మీరేమన్నా కూటం కూడి నన్ను పంపినారా? మీరు రాకున్నా మీ మంచి మేమే చూస్తాం లే అని ఆ ఇంగ్లండోళ్లు గూడా అన్నారు."

"గొర్రెలు సస్తాండాయి సార్! అమెరికా సంగతి తర్వాత చూద్దాం!"

"అయితే నువ్వే రా" అని ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. అయినా పోకుండా ఎలా ఉంటాం? గొర్రెలవాళ్లమంతా పోయి షామియానా బయట ఎండలో నిలబడ్డాం. ఆఫీసరు గొంతు సవరించుకుని, దారి మూసేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు కదా, ఊరు ఒప్పుకున్నట్టే కదా అన్నాడు. ముందు వరసలోంచి సారు లేచాడు. "ఊరు బయట ఎండలో నిలబడుకోనుండాది సార్." వాళ్ల తరపున మీరే చెప్పండి పెద్దాయనా అన్నాడు ఆఫీసరు. "నన్నెవరూ పంపలే" అన్నాడు సారు. అన్నవాడు కూర్చున్నాడా? మొదలుపెట్టాడండీ, అమెరికా! యుద్ధం, అప్పులు, కాగితాల మీద వేసిన స్టాంపు పన్ను, అన్నీ ఏకరువు పెట్టాడు. టీ దగ్గరికొచ్చేసరికి ఆఫీసరు చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాడు. చివరికి తట్టుకోలేక "ఆ ముందు నిలబడిన అమ్మను లోపలికి రమ్మనండయ్యా" అన్నాడు. నేను పోయి మా కష్టాలన్నీ ఏడుస్తూ మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి సారు కసిరాడు. "ఏడుపొద్దు. ఏం కావల్నో చెప్పు." ఆ కోపంలో నాకు నోరు పెగిలింది. పొద్దున పోయేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ గేటు తెరవాలి, మంద కంచె తాకకుండా మేం చూసుకుంటాం అని గట్టిగా చెప్పాను. సరేనన్నారు.

బెల్లం పట్టుకుని సారు ఇంటికి పోయాను. మెచ్చుకుంటాడనే పోయాను, దాచేదేముంది! "తాళంచెవి యాడుండాది?" అన్నాడు. వాచ్‌మన్ దగ్గర అన్నాను. "అయితే ఏం గెలిచినావు? అమెరికాలో జనం గోల చేస్తే ఇంగ్లండోళ్లు ఆ స్టాంపు పన్ను తీసేసినారు. మళ్లీ ఎప్పుడైనా ఏసే హక్కు మాదే అని ఆ పొద్దే చట్టం రాసిపెట్టుకున్నారు." బెల్లం అక్కడ పడేసి వచ్చేశాను. తీరా ఎండాకాలంలో ఒక రోజు వాచ్‌మన్ చుట్టాల పెళ్లికని మంగళవాడ పోయాడు. గేటు తెరిచే దిక్కు లేదు. మిట్టమధ్యాహ్నం దాకా మందలు అక్కడే రొప్పుతూ నిలబడ్డాయి. మాతో పాటే మంద తోలే ఓబక్క గొర్రెపిల్ల ఒకటి ఆమె ఒళ్లోనే ప్రాణం విడిచింది. ఇక అందరం మందలతో సహా గేటుకు అడ్డంగా కూర్చున్నాం. కంపెనీ బండ్లు ఎన్ని హారన్లు కొట్టినా లేవలేదు. తాళంచెవి చేతికిచ్చాకే లేచాం.

అప్పటికి సారు మంచాన పడ్డాడు. పరుగున పోయి తాళంచెవి ఆయన కళ్ల ముందు ఆడించాను. "వచ్చింది సార్!"

"ఎవురి దగ్గరుంటాది?"

"నా దగ్గరే సార్. నడుముకు కట్టుకుంటా."

"ఓబక్క మంద పోవల్లంటే?"

"నన్నడుగుతాది. ఇస్తా."

"నిన్నడగల్ల" అన్నాడు మెల్లగా. "అయితే ఇంగ నువ్వేనమ్మా రాజువి."

నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. భేష్ అని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయింది? కొన్నాళ్లకే పోయాడు. ఆ మాటన్న రోజు ఇంటికొస్తూ ఆయన్ని తిట్టని తిట్టు లేదు. తిడుతూనే మా వీధి మొదట్లో ఉన్న రాతికంబానికి మేకు కొట్టించి, ఎవరి చేతికైనా అందేటట్టు తాళంచెవి దానికి తగిలించాను. ఇప్పుడు కూటమంటే చాలు, "నువ్వుండావు కదక్కా, మేమెందుకు?" అంటారు మావాళ్లు. ఇల్లిల్లూ తిరిగి లేపుకొస్తాను. ఈయమ్మ ప్రాణం తోడేస్తాదప్పా అని నా వెనక గొణుక్కుంటారు. నిన్న ఓబక్క నాతో మాటమాత్రమైనా చెప్పకుండా తాళంచెవి తీసుకుని, గేటు తెరుచుకుని, మంద తోలుకుని దర్జాగా పోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు మూసుకుని, నా మంద తోలుకుని ఆమె వెనకే పోయాను.