విమానం లోపలి లైట్లు, అన్న ఎడమ చూపు

వాదనలో గెలిచిన రోజున మీరేం పోగొట్టుకున్నారో ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూశారా? నేను చూశాను. మా అన్న చూపులో ఎడమవైపు భాగం పోయింది. అది పోతున్న నెలల్లో నేను ఆయన పక్కనే కూర్చుని ఎల్ఈడీ లైట్లు ఎంచుతున్నాను.

అన్న రఘునాథపల్లిలో ట్రాక్టర్ మెకానిక్. ముప్పై ఏళ్లు ఇతరుల ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి, అరవై దగ్గరపడ్డాక తన షెడ్డులో సొంతంగా విమానం కట్టడం మొదలుపెట్టాడు. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బిగించి కట్టిన గుడ్డ, ముందు అక్రిలిక్ అద్దం, లోపల ఇద్దరు మోకాళ్లు ముడుచుకుని కూర్చునేంత చోటు. ఎగరాలంటే అనుమతి కావాలి, అది వస్తుందో రాదో తెలియదు. అన్నకు ఆ బెంగ లేదు. కోత అయిపోయిన చేలో ఒక్కసారి తన చేత్తో ఉరికిస్తే చాలన్నాడు. ఆ ఒక్కసారికి ఆయన చూపు మిగులుతుందా లేదా అన్నదే ఇప్పుడు మా ముందున్న ప్రశ్న.

నేను మహబూబాబాద్‌లో ఉంటాను, బడిలో సైన్సు చెబుతాను. బాణామతి మీద, తాయెత్తుల మీద, పూనకాల మీద ఊరూరా తిరిగి మాట్లాడినవాణ్ని. ఆదివారాలు రైలెక్కి, కాజీపేటలో మారి, అన్న దగ్గరికి వెళ్లేవాణ్ని. లోపల లైట్లు పెడతానన్నప్పుడు మొదట అడ్డుపడింది నేనే. పగటిపూట చేలో ఉరికే దానికి లైటెందుకని అడిగాను.

"లైటు లేని బండి బండేనా తమ్మి? ట్రాక్టరుకే నాలుగు పెట్టిచ్చుకుంటున్నరు" అన్నాడు.

జనగామ వెళ్లాం. ట్రాక్టర్ సామాన్లు అమ్మే దుకాణదారు రంగులు మారే పట్టీ ఒకటి వెలిగించి, ఇది పెడితే పెళ్లి బస్సులా ఉంటుందన్నాడు. అన్న దాని వైపు కాస్త ఆశగానే చూశాడు. నేను సాగనివ్వలేదు. బ్యాటరీకి సరిపోయే తెల్ల ఎల్ఈడీ పట్టీ కొనిపించి, తెచ్చి కప్పుకు అంటించాం. మధ్యాహ్నం పూటే విమానం మీద తార్పాలిన్ కప్పి లోపల చీకటి చేసి చూశాం. మీటర్లలో ముళ్లు సరిగా కనబడటం లేదన్నాడు అన్న. వెలుగు అద్దం మీద పడి వెనక్కి కొడుతోందని, అందుకే మన మొహాలే మనకు కనిపిస్తున్నాయని చెప్పాను. అది నిజమే. అద్దంలో మేమిద్దరం పోలీసులకు దొరికిన దొంగల్లా ఉన్నాం.

తర్వాతి ఆదివారం ఎర్ర లైట్లు పెట్టాం. చీకటికి అలవాటు పడ్డ కన్ను ఎర్ర వెలుగులో తొందరగా చెదరదని చదివాను. ఈసారి ఇంజిన్ వేడిని చూపే మీటరులో ఎర్ర గీత కనబడటం లేదన్నాడు. ఎర్ర వెలుగులో తెల్ల పలక కూడా ఎర్రగానే ఉంటుంది, గీత అందులో కలిసిపోతుందని వివరించాను. అదీ నిజమే. ఆ తర్వాత పసుప్పచ్చటి లైట్లు, వెలుగు తగ్గించి పెంచే తిప్పుడు బటన్‌తో సహా తెచ్చాం. తగ్గిస్తే పక్కనున్న రేడియో బుస్సుమంది. తగ్గిస్తే ఏమీ ఆనడం లేదన్నాడు అన్న. నాసిరకం బటన్ లైటును క్షణానికి ఎన్నోసార్లు ఆర్పి వెలిగిస్తుంది, కంటికి శ్రమ అని చెప్పాను. ప్రతి ఫిర్యాదుకూ నా దగ్గర ఒక సరైన కారణం సిద్ధంగా ఉంది. నన్ను ముంచింది అదే. వాటిలో ఒక్కటి తప్పని తేలినా ఆగి ఆలోచించేవాణ్నేమో.

ఆ పసుప్పచ్చ లైట్ల రోజునే వదిన విమానం ముందున్న పంకాకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. నేను చూసి ఊరుకోలేదు. ఇదేంటని అడిగాను.

"ఊరోళ్లందరు వచ్చి సూసుడే సూసుడాయె. దిష్టి తగిలింది తమ్మి. ఎడమ దిక్కు కూరగిన్నె పెడ్తె చెయ్యే పెడ్తలేడు. కుడిదిక్కు జరిపితె తింటుండు."

నేను అరగంట మాట్లాడాను. చూసేవాడి కంటి నుంచి ఏ పదార్థం బయలుదేరి వచ్చి మనిషికి తగులుతుంది, దాన్ని ఎవరు కొలిచారు, చూడగానే చెడిపోతే బజారులో పెట్టిన సరుకంతా ఎందుకు చెడిపోవడం లేదు అని వరసగా అడిగాను. వదిన నిమ్మకాయలు విప్పి అవతల పారేసి లోపలికి వెళ్లిపోయింది. నేను గెలిచాను. ఆమె చెప్పినదాంట్లో మొదటి సగం ఆమె నమ్మకం. రెండో సగం ఆమె రోజూ రెండు పూటలా కళ్లారా చూస్తున్నది. జీవితమంతా జనాన్ని నేను అడుగుతూ వచ్చింది అలాంటి రెండో సగం కోసమే. అది నా ముందుకు వచ్చి నిలబడితే దాని మీదుగా నడిచి వెళ్లాను.

రెండు నెలలు గడిచాయి. ఇంకా రెండు రకాల లైట్లు మార్చాం. చివరికి భూపాలపల్లిలో ఉన్న అన్న పాత స్నేహితుణ్ని అడుగుదామని వెళ్లాం. ఆయన బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. చీకట్లో ఎక్కడ ఎంత వెలుగు కావాలో చేతులతో తెలిసినవాడు. కప్పుకు పెట్టిన లైటు దండగ, ఒక్కో మీటరు మీదికి ఒక్కో చిన్న ఎల్ఈడీ, దానికి పైన గొడుగులాంటి రేకు ఉండాలన్నాడు. ఎంత దూరంలో పెట్టాలో చూపిస్తానని గది తలుపులు మూసి, అన్నను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చిన్న లైట్లు రెండు చేతుల్లో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"నా మొఖం దిక్కే సూడు. ఎన్ని ఎలుగుతున్నయి?"

"ఒక్కటే గదనే. రెండోది ముట్టియ్యలేదా?"

నేను అన్న వెనకే నిలబడి ఉన్నాను. రెండూ వెలుగుతున్నాయి. స్నేహితుడు అన్నకు ఎడమవైపున్న లైటును మెల్లగా మధ్యకు జరుపుకుంటూ వచ్చాడు. దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చాక, "ఆ, ఇప్పుడు ముట్టింది" అన్నాడు అన్న. స్నేహితుడు నా మొహంలోకి చూశాడు. రెండు లైట్లూ జేబులో వేసుకుని, గివన్నీ తర్వాత, ముందుగాల కండ్లు సూపియ్యుండ్రి అన్నాడు.

కంటి దవాఖానలో నీటికాసులు, అంటే గ్లకోమా అని తేల్చారు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, పక్క చూపును అంచుల నుంచి తినేసే జబ్బు. మోతిబిందు, అదే శుక్లం అయితే కోసి తీస్తారు గదా అని అన్న డాక్టర్ని రెండుసార్లు అడిగాడు. ఇది అది కాదు, పోయిన చూపు రాదు, చుక్కల మందు వేసుకుంటే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు అని చెప్పారాయన. రక్తసంబంధీకులకూ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి నన్ను కూడా పరీక్ష చేయించుకోమన్నారు. ఇంటికొచ్చాక వదినకు అంతా చెప్పాను. దిష్టి మాట ఆమె ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. చుక్కలు ఎన్నిసార్లు వేయాలని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే ఏదో ఒకటి మాట్లాడేవాణ్ని.

అన్న విమానం మానలేదు. భూపాలపల్లి నుంచి చిన్న లైట్లు, రేకు గొడుగులు వచ్చాయి. మళ్లీ తార్పాలిన్ కప్పుకుని ఇద్దరం లోపల కూర్చున్నాం. కుడివైపు మీటర్లన్నీ చదివాడు. ఎడమ చివర పెట్రోలు మీటరు ఉంది. దాని కోసం తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. అక్కడ ఇంకాస్త పెద్ద ఎల్ఈడీ వేద్దామన్నాను. ఆ మాట అంటుండగానే అది ఎంత పనికిమాలిందో నాకు తెలుసు. వెలుగు చాలకపోవడం కాదు కదా. అన్న స్పానర్ తీసుకుని ఆ మీటరు విప్పి, వైర్లతో సహా కుడివైపుకు తెచ్చి బిగించడం మొదలుపెట్టాడు. ఇవాళ ఒక మీటరు. ఆ చుక్కలు జబ్బును ఆపలేకపోతే రేపు ఇంకొకటి. మిగిలిన ఆ కాస్త చూపులో ఎన్ని మీటర్లు పడతాయి? నేను స్క్రూలు అందిస్తూ కూర్చున్నాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

బిగిస్తూనే అడిగాడు: "డాక్టరు నిన్ను గూడ సూపిచ్చుకొమ్మన్నడు గదా. పోయినవా?"

బడితో తీరిక ఉండటం లేదన్నాను. పరీక్షల కాలమన్నాను. నాకు ఏ ఇబ్బందీ లేదని కూడా అన్నాను.

"నాకు గూడ ఏం లేకుండె" అన్నాడు.

నిజానికి నాకు భయం. రుజువు చూపించమని ఊళ్లన్నీ తిరిగి అడిగినవాణ్ని, నా కంట్లో రుజువు ఉంటుందేమోనని నెలన్నర తప్పించుకు తిరిగాను. మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. గడ్డం ఒక యంత్రం మీద పెట్టించారు, కంటి మీదికి ఫట్‌మని గాలి కొట్టింది. నొప్పి లేదు. నిమిషం పట్టలేదు. ఒత్తిడి హద్దు మీద ఉందని, ఆరునెలలకు మళ్లీ రమ్మని రాసిచ్చారు.

మీకు నలభై దాటాయా? మీ ఇంట్లో నలభై దాటినవాళ్లు ఉన్నారా? నాతో వాదించకండి. బాగానే కనిపిస్తోందని చెప్పకండి, తీరిక లేదని చెప్పకండి. ఈ వారమే వాళ్లను వెంటబెట్టుకుని కంటి దవాఖానకు వెళ్లి, కంట్లో ఒత్తిడి ఎంతుందో కొలిపించుకోండి.