లోపల వదిలిన బట్ట

మా అక్క దర్జీ. పదిహేనేళ్ల బ్యాంకు అప్పు మీద రెండు గదుల ఇల్లు కొని, ముందుగదిలోనే మిషను వేసుకుంది. అప్పు త్వరగా తీర్చేయాలని ఆమెకు ఒకటే ఆరాటం. అయినా నెలనెలా వాయిదా కట్టాక మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేసేది, ఆదివారం కూతుర్ని సినిమాకు తీసుకెళ్లేది. పాత బట్టలు సరిచేస్తే వచ్చిన డబ్బు మాత్రం అప్పుకు అదనంగా జమచేసేది.

గుమాస్తా ఉద్యోగం చేసే నాకు ఆ పద్ధతి నచ్చేది కాదు.

"ఆ ఫండ్ తీసి అప్పులో పడెయ్యక్కా. సినిమాలూ మానెయ్. తొందరగా తీరిపోతుంది" అన్నాను.

"లెక్కల్లో పులివే గానీ, నీకు చొక్కా కుట్టడం రాదురా. బట్టంతా వాడేసి బిగుతుగా కుడితే, రేపు ఒళ్లు చేసినప్పుడు ఏం విప్పుతావ్, నీ తలా?" అంది.

అప్పు తీసుకున్న ఆరో ఏడు అక్క మణికట్టు విరిగింది. ఐదు నెలలు మిషను ఆగిపోయింది. ఇల్లు పోతుందని నేను హడలిపోయాను. అక్క ఫండ్‌లోంచి తీసి ఒక్క వాయిదా తప్పకుండా కట్టింది. చెయ్యి బాగయ్యాక మళ్లీ మొదలుపెట్టి, నాలుగేళ్లు ముందే అప్పు తీర్చేసింది. ఇంటి కాగితాలు నా ముందు పెట్టి, "ఏరా, లెక్కల పులీ?" అని మాత్రం అడిగింది.

అక్క పోయి ఏడాదైంది. ఆమె కుట్టిన చొక్కా నాకు పట్టడం లేదని నిన్న పక్క కుట్టు విప్పాను. లోపల రెండు వేళ్ల వెడల్పున బట్ట వదిలి ఉంది. వదులు చేయించి తొడుక్కుని, మా అక్క కుట్టిందని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.