ఎరువు వేయని సగం

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో నేల కోసం పోరు ఉంది, నిండు సభలో ప్రతిజ్ఞ ఉంది, సొంతవాళ్ళ ద్రోహం ఉంది, భయంకర సర్పం ఉంది, చివరికి శత్రువే వచ్చి గుమ్మం ముందు నిలబడటమూ ఉంది. పర్వాలు పర్వాలుగా చెప్పుకోవలసిన విషయం.

కాదు. నిజానికి ఇది కోయంబత్తూరు పక్కన పోదనూరులో మా వీధి చివర ఖాళీ చోటులో గడ్డి కోయకుండా ఊరుకోవడం గురించి. పాముకు విషం కూడా లేదు. అయినా మొదటి వాక్యాలు బాగా కుదిరాయని ఉంచేశాను.

మా వీధి రైల్వే కాలనీ గోడకు ఆనుకుని ఉంటుంది. కినత్తుకడవు పక్క పొలాలు అమ్ముకుని వచ్చిన కుటుంబాలే ఎక్కువ. పొలాలు పోయి రెండు తరాలైనా ఇళ్ళలో తెలుగు పోలేదు, మబ్బు పడితే చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చే అలవాటూ పోలేదు. లేఅవుట్ వేసినప్పుడు అందరికీ పనికొస్తుందని వీధి చివర కాస్త చోటు వదిలారు. అందరిదీ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఏడాదికొకసారి, పొంగల్‌కు ముందు, మా వీధి సంఘం ఒక జేసీబీని పిలిపించి దానికి గుండు గీయించేది. ఆ తరువాత కొన్నాళ్ళు ఇంటింటా ఎర్రదుమ్ము. దుమ్ము అణిగాక వయ్యారిభామ, అంటే పేరు చూసి దగ్గరికి వెళ్ళినవాళ్ళకు ఒళ్ళంతా దద్దుర్లు తెప్పించే కలుపుమొక్క. ఈ మొత్తానికి మా సంఘం పెట్టుకున్న పేరు శుభ్రత.

ఆ చోటుకు సరిగ్గా ఎదురిల్లు మా అత్తది, నాన్నకు అక్క. కింద ఆమె, మేడమీద మేము. అత్త రైల్వే టికెట్ కౌంటర్‌లో పనిచేసి రిటైరైంది. అద్దానికి ఉన్న చిన్న కన్నంలోంచి జీవితమంతా మాట్లాడటం వల్ల ఆమె గొంతు అవతలి ప్లాట్‌ఫారానికి వినిపించేంత పెరిగింది. ఉద్యోగంతో పాటు అద్దం పోయింది, గొంతు మిగిలింది. మోకాళ్ళు మాత్రం ఆమె కంటే ముందే రిటైరయ్యాయి. కాబట్టి పొద్దునా సాయంత్రమూ వరండాలో కుర్చీ, చేతిలో కాఫీ గ్లాసు, ఎదురుగా ఆ చోటు. గేటు దాటి పోలేని మనిషికి గేటు ముందు ఏముందో అదే లోకం. ఇలాంటి మాట ఆమె ముందు అంటే, కవిత్వం చాలు, గ్లాసు కడిగి పెట్టు అంటుంది.

జులై చివర, ఆడి నెలలో జరిగిన సంఘం సమావేశంలో అధ్యక్షుడు ఆ చోటంతా సిమెంటు బ్లాకులు పరిచి కార్లు నిలుపుకుందామన్నాడు. ఆయనకు వెట్ గ్రైండర్ల వ్యాపారం. కొత్త కారు కొన్నాడు, ఎండకు రంగు వెలిసిపోతుందేమోనని బెంగ. అత్తను అక్కా అంటాడు, అత్త ఆయన్ను తమ్ముడూ అంటుంది. అంటే ఎంతైనా పోట్లాడుకోవచ్చని అర్థం.

అత్త లేచింది. మోకాళ్ళ వల్ల ఆ లేవడానికి చాలాసేపు పట్టింది, అందుకని అందరూ ఏదో పెద్ద మాటే వస్తుందని ఎదురుచూశారు.

"బ్లాకులు పరిస్తే నేను పొద్దున లేచి ఎవరి మొగం చూసేది తమ్ముడూ? నీ కారు బంపర్‌దా?"

"అక్కా, ఇప్పుడు మాత్రం ఏముండాది ఆడ? పుల్లు, దోమ, పాంబు." గడ్డీ పామూ ఆయన నోట తమిళంలోనే వస్తాయి.

"కొయ్యకుండా విడిచి చూడండి. పూతోట చేసి చూపిస్తాను."

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అత్తే. కుండీలో తులసిని కూడా బతికించలేని మనిషి ఆమె. అధ్యక్షుడికీ ఆ సంగతి తెలుసు. అందుకే నవ్వుతూ కాప్పుకట్టు దాకా గడువిచ్చాడు. కాప్పుకట్టు అంటే భోగినాడు మా పక్క ప్రతి ఇంటి చూరుకూ వేపమండ, మామిడాకు, తంగేడుపూవు, తెల్లటి పూళైపూవు (తెలుగులో కొండపిండి) కలిపి కట్టే ఆచారం. ఆ రోజుకు అక్కడ పూతోట కనిపించకపోతే మరునాడే బ్లాకుల లారీ వస్తుందన్నాడు.

ఆ సాయంత్రం అత్త నన్ను కిందికి పిలిచింది.

"పాపా, పూతోట ఎట్ల చేసేది?"

సభలో చెప్పింది తను కదా అన్నాను.

"చెప్పేది నేను. చేసేది నువ్వు. ఫోన్‌లో ఊరికే ఏందేందో చూస్తా ఉండావు కదా, ఇదీ చూడు."

నేను ఒక పంపుల కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తాను. గడ్డి గురించి నాకున్న అనుభవం దానిమీద కూర్చోవడం వరకే. అయినా చూశాను. చదివిన కొద్దీ సంతోషం పెరిగింది. ఎందుకంటే ఈ విద్యలో సగం ఏమీ చేయకపోవడమే. నీళ్ళు పోయకూడదు. ఎరువు అసలే వేయకూడదు. అడవిపూలకు బక్క నేల ఇష్టం. నేల బలిస్తే గడ్డి ఎత్తుగా లేచి వాటికి ఎండ తగలనివ్వదు. పూయనివ్వాలి, విత్తనం రాలనివ్వాలి, ఆ తరువాతే కోయాలి, కోసిన గడ్డిని అక్కడే వదలకుండా ఎత్తి అవతల వేయాలి. నా స్వభావానికి ఇంతగా సరిపోయిన శాస్త్రం మరొకటి ఎదురుకాలేదు.

చేయవలసిన సగం మాత్రం ఉంది. వయ్యారిభామను పూయకముందే వేళ్ళతో పీకాలి. ఆదివారాలు చేతులకు తొడుగులు, ముక్కుకు పాత చున్నీ కట్టుకుని దిగేదాన్ని. అత్త కుర్చీలోంచి దారి చూపించేది, ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారానికి వస్తుందన్నట్టు. ఎడమవైపు అనేది. నా ఎడమా, తన ఎడమా అని అడిగేలోపు ఉంచవలసిన తుమ్మి మొక్క ఒకటి నా చేతిలోకి వచ్చేసేది. చచ్చిన తుమ్మి మొక్కలకు ఈ వ్యాసం ద్వారా నివాళి.

ఇంకొక పని అంచు కోయడం. గడ్డిని ఊరికే వదిలేస్తే చూసేవాళ్ళకు అది సోమరితనం, దాని చుట్టూ బారెడు వెడల్పున కోస్తే అదే పథకం. గడ్డి కోసే మిషను అద్దెకు తెచ్చి రోడ్డు పక్క ఒక పట్టీ, మధ్యలో నడవడానికి ఒక దారి కోశాను. మిషను నాకంటే బలమైనది కావడం వల్ల దారి వంకర తిరిగింది. దాన్ని చూసి పక్కింటి ఆమె, ఎంత అందంగా డిజైన్ చేశావు అంది. నేను కాదనలేదు.

చిన్న చిన్న జల్లులకే నేల మేలుకుంది. గడ్డిచేమంతులు లేచాయి, వాటిమీద గోరంత నీలం సీతాకోకచిలుకలు వాలాయి. విష్ణుక్రాంతం నేలకు కరుచుకుని పూసింది. పల్లేరు పచ్చగా నవ్వింది. ఆ నవ్వు చూడబోయినవాళ్ళ చెప్పులు ముళ్ళతో తిరిగొచ్చాయి. అత్త తన కుర్చీని వరండా అంచుకు జరిపించుకుంది.

అప్పుడే సర్పం వచ్చింది. జెర్రిపోతు, మంచి పొడుగు. వంకర దారి మీద ఎండ కాచుకుంటూ ఉంటే వీధంతా కర్రలతో, ఫోన్లతో చేరింది. అధ్యక్షుడు చేతులు చాచి, చూశారా, నేను అప్పుడే చెప్పలేదా అన్నట్టు నిలబడ్డాడు. పాము మా అందరినీ ఒకసారి చూసి, విసుగొచ్చి, తీరిగ్గా రోడ్డు దాటి, అధ్యక్షుడి ఇంటి గోడ కింది తూములోంచి లోపలికి పోయింది. దారి అడగలేదు. అక్కడ గ్రైండర్లు చుట్టొచ్చే అట్టపెట్టెల గుట్ట ఉంది, గుట్టలో ఎలుకలున్నాయి. అంటే అది మా గడ్డికి చుట్టపుచూపుగా వచ్చి సొంతింటికి పోయింది. ఆ తరువాత కొన్నాళ్ళు సంఘంలో పాముల ప్రసక్తి రాలేదు.

ఇక ద్రోహం. ఐప్పసి వానలు, అంటే దీపావళి నాటి వానలు, బాగా పట్టిన వారం, ఆఫీసు నుంచి వస్తూ వీధి మలుపులోనే వాసన పసిగట్టాను. పేడ ఎరువు. కినత్తుకడవులో మాకు వరసకు తాతయ్యే ఆయన కొబ్బరితోట నుంచి అత్త ట్రాక్టరు నిండా మాగిన ఎరువు తెప్పించింది. దగ్గరుండి, అంటే కుర్చీలో ఉండి, రోడ్డు పక్క సగానికి చల్లించింది. వెనక సగం బురదగా ఉండి డ్రైవరు బండి దించనన్నాడు. మా వీధికి జరిగిన ఉపకారాల్లో ఇప్పటికీ అదే పెద్దదని నా నమ్మకం.

ఎరువు వద్దని ఎన్నిసార్లు చెప్పాను అన్నాను. అత్త నా వైపు చూడలేదు.

"వాన పడిన నేలను ఊరికే చూస్తా ఎట్ల కూర్చునేది పాపా? ఆకలిగా ఉండాది అది. మన ఇంట్లో ఎవరైనా నేలకు ఎరువు వెయ్యకుండా ఉండారా?"

"మన ఇంట్లో ఎవరికీ నేల లేదు అత్తా."

"అందుకే వేసినాను. చానా దినాలాయె వేసి."

వీధిలో ఇంకెవరూ ఆమెను తప్పు పట్టలేదు. ఎరువు కమ్మగా మాగిందని ఇద్దరు పెద్దాయనలు చేత్తో నలిపి వాసన చూసి మెచ్చుకున్నారు. ఒకాయన తన వంతుగా బస్తా వేపపిండి తెస్తానన్నాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆపాను.

ఫలితం నేను ఫోన్‌లో చదివినట్టే వచ్చింది. ఎరువు తిన్న సగంలో గడ్డి నా భుజాల దాకా లేచింది, ముళ్ళతోటకూర చెట్టంత అయింది, మధ్యలో వయ్యారిభామ పండగ చేసుకుంది. ఎరువు అందని సగంలో తుమ్మి తెల్లగా పూసింది, పూళై మొక్కలు మోకాలెత్తున కంకులు వేయడం మొదలుపెట్టాయి. కానీ రోడ్డు మీద నుంచి చూస్తే కనిపించేది ముందు సగమే. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ముగ్గులకు లేచే ఆడవాళ్ళందరూ అడవి అనడం మొదలుపెట్టారు. అధ్యక్షుడు బ్లాకుల నమూనాలు రెండు తెచ్చి తన గేటు పక్కన పెట్టాడు. ఒకటి ఎరుపు, ఒకటి బూడిద రంగు. ఏది బాగుందని వచ్చేపోయేవాళ్ళను అడిగేవాడు.

అత్త కాఫీని వరండాలో తాగడం మానేసి లోపల తాగసాగింది. ఎందుకని అడిగితే చలి అంది. కోయంబత్తూరు చలి అంత చలి కాదు. ఒకరోజు మాత్రం, "నేనే చెడగొడితిని కదా" అంది, టికెట్ కౌంటర్ గొంతుతో కాదు, మామూలు గొంతుతో. ఆ గొంతు ఆమెకుందని నాకు అప్పుడే తెలిసింది.

దానికి మందు కూడా చదివినదాంట్లోనే ఉంది: బలిసిన నేలను బక్కచిక్కించాలంటే కోస్తూ ఉండాలి, కోసింది మోసుకుపోతూ ఉండాలి. వెనక వీధిలో పాలు పోసే ఆయనకు ఆవులున్నాయి. ఆయన్ను పిలిస్తే కొడవలితో వచ్చి, వయ్యారిభామను నాకు వదిలి, గడ్డిని మోపులు కట్టి తీసుకెళ్ళాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ కోశాడు. ఆవు పేడ గడ్డి అయింది, గడ్డి మళ్ళీ ఆవులోకి పోయింది. మధ్యలో కష్టపడింది నేనూ, ట్రాక్టరూ. గింజ పట్టిన గడ్డి దుబ్బులు కొన్ని అక్కడక్కడా వదలమన్నాను. వాటి కోసం పిచ్చుకకంటే చిన్న గోధుమరంగు పిట్టలు గుంపులుగా వచ్చి, కంకిమీద వాలి, కంకితో పాటు వంగి, కిందపడబోయి ఎగిరేవి. అత్త ఒక పొద్దున గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చుంది. చలి తగ్గిందేమో.

ముందు సగం పొట్టిగా అయ్యేసరికి వెనక సగం రోడ్డుకు కనిపించింది. అంతా తెలుపు, మధ్య మధ్య నీలం, పసుపు. ఒక్కరోజులో వచ్చింది కాదు, ఎప్పటి నుంచో ఉంది. అడ్డం తీశాం, అంతే.

భోగినాడు పొద్దున పోదనూరు మార్కెట్‌కు పోవలసిన వీధి వంకర దారి పట్టింది. వేపమండలు రైల్వే కాలనీలో, మామిడాకు ఎవరి పెరట్లోనో, తంగేడు మాత్రం బజారులో. పూళైపూవు మా దగ్గర. అందరూ వచ్చాక అధ్యక్షుడు వచ్చాడు. భార్య పంపినట్టుంది, చేతిలో దారపుండ కూడా ఉంది. నేరుగా పూల దగ్గరకు పోకుండా అత్త గేటు ముందు నిలబడ్డాడు.

"అక్కా, రెండు కొమ్మలు తీసుకుంటాను."

అత్త ముందు కాఫీ ముగించింది. చిన్న గ్లాసే, అయినా చాలాసేపు తాగింది.

"తీసుకో తమ్ముడూ. వేరుతో పీకొద్దు. విత్తు రాలాల."

పొంగల్ అయిన వారం సమావేశం జరిగింది. అధ్యక్షుడు నేల గురించి, పూర్వీకుల గురించి, పిట్టల గురించి మాట్లాడాడు. ఆ చోటును అలాగే ఉంచుదామని తానే ప్రతిపాదించాడు. చప్పట్లు మోగాయి. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందని నాకు చెప్పింది. నేను కూడా నా జీవితంలో మొదటిసారి ఒక ఉపన్యాసం విని కొంచెం కరిగాను.

బయటికి వస్తుంటే అధ్యక్షుడి భార్య నాతో మెల్లగా అసలు సంగతి చెప్పింది. కనుమనాడు ఆయన టేపు పట్టుకుని ఆ చోటంతా కొలిచాడట. కార్లు లోపల తిప్పుకోవడానికి చోటు వదిలితే, అక్కడ నాలుగు కార్లకు మించి పట్టవు.