గురువారం గెలిచిన మాస్టారు

డ్రయ్యర్‌లో జత సాక్సులు వేస్తే బయటికి ఒకటే ఎందుకొస్తుందో ఈ దేశంలో ఎవరూ చెప్పలేరు. శనివారం పొద్దున ఒక కాలికి నల్ల సాక్సు, ఇంకో కాలికి మా కోడలి గులాబీ సాక్సు తొడుక్కుని ఆ మిషన్‌ని తిడుతూ ఉంటే ఫోన్ మోగింది. వెనక వీధిలో ఉండే మాస్టారి కోడలు.

"అంకుల్, మామయ్యగారు లేవలేదు" అంది.

"లేపకు బిడ్డా, రాత్రి పుస్తకం పట్టుకొని కూసొని ఉంటడు."

"అది కాదు అంకుల్. ఇంక లేవరు."

ఫోన్ పెట్టేశాక కూడా నేను సాక్సు వెతుక్కుంటూనే ఉన్నాను. గురువారం మధ్యాహ్నం ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని టీ తాగాడు, నా మీద అరిచాడు, నవ్వుకుంటూ బస్సెక్కాడు. దగ్గు లేదు, నొప్పి అనలేదు. అలాంటి మనిషి శనివారానికి లేకుండా ఎలా పోతాడు? మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మాస్టారు తెనాలి దగ్గర కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. నేను ఏడో క్లాసుతో ఆపేసి, సూర్యాపేటలో సినిమా హాల్లో ప్రొజెక్టర్ తిప్పినవాణ్ణి. కొడుకుల దగ్గరికి కెనడా వచ్చాక మా ఇద్దరినీ కలిపింది గ్వెల్ఫ్‌లో మాల్ ఫుడ్‌కోర్టు. చలికాలంలో తెలుగు ముసలాళ్ళకి అంతకన్నా వెచ్చటి చోటు దొరకదు. గురువారం గురువారం ఒక టేబుల్ చుట్టూ చేరేవాళ్ళం. మాస్టారు మంకీ క్యాప్ తీయకుండానే పాఠం మొదలుపెట్టేవారు.

ఆయన పాఠం ఎప్పుడూ ఒకటే, అమెరికా కొత్తగా పుట్టిన రోజులు. రాజ్యాంగంలో రాయని పని సర్కారు చేయకూడదని ఊరంతా చెప్పిన పెద్దమనిషి, తీరా ప్రెసిడెంటయ్యాక ఫ్రాన్సు వాళ్ళ దగ్గర దేశమంత నేల కొనేశాడట. రాజ్యాంగంలో ఎక్కడా ఆ ముక్క లేదు. ఆ నేల ఎక్కడిదాకా ఉందో, దాని అవతల ఏముందో చూసి రమ్మని ఇద్దరు కెప్టెన్లని పడవలెక్కించి పడమరకి పంపాడు. మాస్టారు ఫ్రెంచ్ ఫ్రైస్ కొని, ట్రే మీద ఒకదాని వెనక ఒకటి పేర్చి, ఆ పడవలు పోయిన నదిని చూపించేవారు. ఆయన అటు తిరిగినప్పుడు నేను ఆ నదిని తినేసేవాణ్ణి.

"ఏవండీ ప్రతిపక్షం గారూ, మళ్ళీ నది మింగేశారా? ఇప్పుడు వాళ్ళు పడవలు ఎక్కడ నడపాలి?"

"ఉప్పు తక్కువైంది మాస్టారూ, మీ నదికి."

ప్రతిపక్షం అన్నది ఆయన నాకు పెట్టిన పేరు. ఆయన ఏం చెప్పినా నేను కాదనేవాణ్ణి. కెనడా మీదుగా ఒకాయన ముందే పసిఫిక్ దాకా పోయి బండ మీద పేరు రాసి వచ్చాడనీ, ఆ పుస్తకం చదివాకే అమెరికా ప్రెసిడెంటుకి తొందర పుట్టిందనీ చెప్పి, "చూశారా, అసలు కథ మన వైపు నుంచే మొదలైంది" అని ఛాతీ విరిచారు మాస్టారు ఒకరోజు.

"ఈడ ఉండనిచ్చే పీఆర్ కార్డు మొన్న అచ్చింది. అప్పుడే మన వైపు అయిందా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనే ఎక్కువ నవ్వారు.

ఒకసారి మాత్రం నేను నిజంగానే అడిగాను. "ఫ్రాన్సోడు అమ్మిండు, అమెరికావోడు కొన్నడు. ఆడ ముందుగాల నుంచి ఉన్నోళ్ళని ఎవరన్న అడిగిండ్రా?"

మాస్టారు నది పేర్చడం ఆపేశారు. "లేదండీ. అడగలేదు. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది" అన్నారు. తర్వాతి గురువారం పాఠం అంతా దాని మీదే. కెప్టెన్లు దారిలో ఒక్కో తెగనీ పిలిచి, మెడల్ చేతిలో పెట్టి, ఇక మీకు కొత్త తండ్రి దూరాన ఉన్న ప్రెసిడెంటే అని ఎలా చెప్పారో చెప్పారు. నా బతుకులో నేనడిగిన ప్రశ్నకి ఒక మాస్టారు పాఠం తిరగరాసి తెచ్చింది అదొక్కసారే.

అయితే అందరికీ అంత ఓపిక లేదు. ఈ మధ్య మాలో ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు జేబులో పేకముక్కలు వేసుకొస్తున్నారు. ఆ ఆఖరి గురువారం ఆయన తెగేసి చెప్పారు. "మాస్టారూ, పడవలు, కొండలు చాలండీ. వచ్చే వారం నుంచి రమ్మీ ఆడుకుందాం."

మాస్టారి ముఖం నేను చూశాను. ఇంట్లో కొడుక్కి టైం లేదు, మనవరాలిది అంతా ఇంగ్లీషు. ఆయన మాట వినేది ఆ టేబుల్ ఒక్కటే.

ఆరోజు కెప్టెన్లు పడమటి సముద్రం చేరారు. చలికాలం ఎక్కడ మకాం వేయాలో అందరి అభిప్రాయం అడిగారట. బానిసగా తెచ్చిన మనిషినీ అడిగారు, చంటిబిడ్డతో వచ్చిన ఆ తెగల పిల్లనీ అడిగారు.

"మా ఇంట్లో కూరేం వండాలో కూడా నన్నడగరమ్మా" అంది మాతో కూర్చునే ఒక పెద్దావిడ.

"మరి వాపసు అచ్చినంక? ఆ బానిసని ఇడిసిపెట్టిన్రా?" అన్నాను.

"వెంటనే లేదు" అన్నారు మాస్టారు. తర్వాత ఇంజినీరు గారి వైపు తిరిగి, "మనమూ ఓటేద్దాం. పాఠమా, పేకాటా? ఓడితే నేను వచ్చే వారం నుంచి మాట్లాడను. ఆ కాలంలో ఎన్నికల్లో ఓడిన ప్రెసిడెంటు తెల్లారకముందే బండెక్కి ఇంటికెళ్ళాడు. అలిగాడండీ, కానీ వెళ్ళాడు. అది చాలు రాజకీయానికి" అన్నారు.

పంచదార ప్యాకెట్ పాఠానికి. షుగరున్నవాళ్ళు వేసుకునే స్వీటెనర్ ప్యాకెట్ పేకాటకి. తలా ఒక ప్యాకెట్ గుప్పిట్లో మూసి వేస్తూ ఉంటే ఖాళీ కాఫీ కప్పు చేతులు మారింది. మాస్టారు ట్రే మీద బోర్లించి లెక్కపెట్టారు. ఒక్క ప్యాకెట్ ఎక్కువతో పాఠం గెలిచింది. ఇంజినీరు గారు ముక్కలు జేబులో పెట్టుకుని చేయి కలిపారు. మాస్టారు నా వైపు వేలు చూపించి, "ప్రతిపక్షం గారూ, మీరు పేకాటకేశారని తెలుసు. అయినా గెలిచాను!" అని మాల్ అదిరేలా అరిచారు.

ఫ్యూనరల్ హోంలో ఆయనకి కోటు, టై వేశారు. మంకీ క్యాప్ లేదు. ఆ తల నేను ఎప్పుడూ చూడలేదు. ఎవరో వేరే మనిషి దగ్గరికి తీసుకొచ్చారని వెనక్కి తిరగబోయాను. యూనివర్సిటీలో చదివే మనవరాలు వచ్చి నా చేయి పట్టుకుంది.

"ఆర్ యూ ది అపోజిషన్?"

"ఎస్" అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో అదొకటి.

"తాత వజ్ సో హ్యాపీ. ఫ్రైడే డిన్నర్‌లో అంతా అదే. ఐ వన్, ఐ వన్ అని. మీరు ఎగైన్‌స్ట్ వేసినా, హీ వన్ అని."

నేను తలూపాను. ఆ పిల్లకి చెప్పలేకపోయిన సంగతి మీకు చెబుతున్నాను. ఆ పెద్దావిడ మనవణ్ణి స్కూలు బస్సు దగ్గర దింపుకోవడానికి ఓటు వేయకుండానే లేచి వెళ్ళిపోయింది. మాస్టారు చూసుకోలేదు. కప్పు నా దగ్గరికి వచ్చినప్పుడు, అరచేతిలో దాచి నేను రెండు ప్యాకెట్లు వేశాను.

రెండూ పంచదారే.