తెల్ల కుక్క వేషం

శనివారం సాయంత్రం, మనవరాలి బడిలో కళల పండుగ. హాజరైనవారు: నేను, నా కోడలు, చిన్ననాటి స్నేహితురాలు విజయ. వేదిక మీద మేఘం వేషంలో మనవరాలు.

డైరీలో ఇంత రాశాక కూడా మేఘం వేషపు వాసన నన్ను వదల్లేదు. గంజి పెట్టిన బ్యాండేజీ గుడ్డ వాసన అది.

తమిళనాడులో బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లుల ఊరు మా రాజపాళయం, అక్కడ ఆ గుడ్డకు ఎప్పుడూ కరువు లేదు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, మార్గళి నెల, అంటే ధనుర్మాసపు చలిలో, వీధంతా అరిసెల్లాంటి అదిరసాల పాకం వాసన వేస్తుండగా బడిలో కలైవిళా, అంటే కళల పండుగ, జరిగింది. దేవతలకూ రాజులకూ దొంగలకూ అదే గుడ్డ, గడ్డాలకు మిల్లు దూది. ఆ ఏడు నాటకంలో దొంగను పట్టే తెల్ల కుక్క వేషం నాకిచ్చారు. మా ఇంట్లో గులాబిరంగు ముక్కున్న తెల్ల వేటకుక్క ఉండేది మరి. అయినవాళ్ళు వచ్చినా గేటు దాటనిచ్చేది కాదు.

దానికంటే అనుమానం మా అవ్వకు. వేషం తానే కుట్టి, తోకలో దూది కూరి, ఎవరి కంటా పడకుండా పెట్టెలో పెట్టి తాళం వేసింది. మిల్లు ఓనరు మనవరాలు విజయ రోజూ బడి వదిలాక టీచరు దగ్గర ఆగుతోందని, నేను వెళ్తే ఇద్దరూ మాట ఆపేస్తున్నారని అవ్వకు చెప్పాను.

"ఏమే, నీ వేషం దానికి ఇచ్చేదానికే ఇదంతా. మిల్లోళ్ళ పాప అడిగితే టీచరు కాదంటాదా?"

అప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. దానికి తోడు, సాయంత్రమైతే మా కుక్క వెనక సందు గోడవైపు గట్టిగా మొరిగి, ఉన్నట్టుండి ఊరుకునేది. అవ్వ కర్ర పట్టుకుని వెళ్ళేసరికి సందులో ఎవరూ ఉండేవారు కాదు.

పండుగనాడు అవ్వ వేషాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుని, పేరు పిలిచాకే నాకు తొడిగింది. దొంగ వచ్చాడు. నేను నోరు తెరిచాను. అంతలో తెర వెనకనుంచి అచ్చం మా కుక్క మొరుగు వినిపించింది. దొంగ వేషం వేసిన పిల్లవాడు నిజంగానే పారిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. తెర పక్కకు చూస్తే విజయ.

"వేషం మనది, గొంతు వాళ్ళది. చూసినావా?" అంది అవ్వ, ఇంటికి వచ్చే దారంతా.

మరునాడు పొద్దున విజయ అదిరసాల గిన్నెతో మా గేటు తీసింది. కుక్క మొరగలేదు. తోకాడిస్తూ పోయి ఆమె పావడ జేబులో ముక్కు పెట్టింది.

అవ్వ కుక్కనూ విజయనూ మార్చి మార్చి చూసింది. "ఎన్నాళ్ళుగా జరుగుతా ఉంది ఇది?"

"సందులో నిలబడి మురుకు చూపిస్తే మొరుగుతాది అవ్వా. వేస్తే ఊరుకుంటాది. అట్లా దాని మొరుగు నేర్చుకున్నాను. మీ మనవరాలి గొంతు చిన్నదని, తెర వెనక నన్ను మొరగమని టీచరే చెప్పింది. ముందే తెలిస్తే మీరు వేషం ఎత్తుకొని పోతారని..."

"పోయుందును," అంది అవ్వ. కుక్కవైపు తిరిగి, "నిన్ను నమ్మి ఇల్లు వదిలి పోయినామే. మురుక్కి అమ్ముడుపోయినావా?" అని, విజయకు పీట వేసింది.

ఇప్పుడు అవ్వ లేదు. వీధిలో తెల్లకుక్కలు లేవు. శనివారం మనవరాలి నాటకంలో కుక్క స్పీకరులోంచి మొరిగింది. మా ఇంట్లో ఇప్పుడు ఇనుప గ్రిల్లు, దానికి రెండు తాళాలు. ఎవరని అడగకుండా నేను తలుపు తీయను.

ఆదివారం పొద్దున కాఫీ వేళకు బెల్లు మోగలేదు. గ్రిల్లు అవతల ఎవరో ఒకసారి మొరిగారు. ఎవరని అడగకుండా వెళ్ళి రెండు తాళాలూ తీశాను.