అమ్మ పేరుతో నేను రాసిన డైరీ

ఆ రోజుల్లో, నార్సింగి బడిలో నాతో చదివే పిల్లలందరికీ ఇంట్లో ఓ చదువుల గది, అందులో ఓ బల్ల, పక్కన కూర్చుని చదివించే అమ్మ ఉంటారని నాకు గట్టి నమ్మకం. ఔటర్ రింగ్ రోడ్డు అవతలి మా పల్లెలో మాకున్నది ఒకే గది. అందులోనే అమ్మ, నాన్న, చెల్లె, నేను, వడ్ల బస్తాలు (పెద్ద వాటా బస్తాలదే). ఎనిమిదో తరగతిలో మా టీచరమ్మ కొత్త పద్ధతి పెట్టింది: పిల్లలు ఇంట్లో ఎలా చదువుతున్నారో అమ్మలు వారం వారం డైరీలో ఇంగ్లీషులో రాసి సంతకం చేయాలి. మా అమ్మకు అక్షరం రాదు. అది చెప్పుకోవడానికి సిగ్గేసి, నా పక్కన కూర్చునే అపార్ట్‌మెంటు పిల్లాడి డైరీలో వాళ్లమ్మ రాసిందంతా నా డైరీలోకి దించేసి, కింద తోకలు తిప్పి అమ్మ సంతకం నేనే పెట్టేవాణ్ణి. (అనుమానం రాకుండా ఒక వారం ఆలస్యంగా దించేవాణ్ణి, నా తెలివి అంతటిది.)

తల్లిదండ్రుల సమావేశం రోజున అమ్మ పొలం పని మానుకుని వచ్చింది. టీచరమ్మ ఆప్యాయంగా, "రండి, కూర్చోండి. మీ కుక్కపిల్లకి జ్వరం తగ్గిందాండీ?" అంది.

మాకు కుక్కపిల్లే లేదు. అమ్మ నా మొహం చూసింది. అందులో ఏం కనిపించిందో, "తగ్గింది మేడం. ఇగ మంచిగనే తింటున్నది" అంది.

"మరి వీడి కీబోర్డు ఎలా ఉందండీ?"

"దానికి గూడ తగ్గింది మేడం."

టీచరమ్మ ఓ క్షణం తికమకపడి, డైరీ తెరిచి చూపించింది. "మీ సంతకం ఎంత ముచ్చటగా ఉంటుందో! ఈ రిజిస్టర్లో కూడా చేయండి." అమ్మ ఆ తోకల సంతకాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా కొంగు చివర వేలికి చుట్టుకుని, "కొడవలి తాకింది మేడం. ఇయ్యాల పెన్ను పట్టరాదు" అంది.

బస్సులో దెబ్బల కోసం ఎదురు చూశాను. అమ్మ డైరీ అడిగి తీసుకుని, "గిది నా పేరేనా?" అంది. అవునన్నాను. "మంచిగున్నది. జర నాకు గూడ నేర్పియ్ బిడ్డా."

"పరీక్షలైనంక" అన్నాను. ఆ పరీక్షలయ్యాయి, ఇంటరయింది, ఇంజనీరింగయింది, హైటెక్ సిటీలో ఉద్యోగమూ వచ్చింది. అమ్మ మళ్లీ అడగలేదు.

మొన్న కంటి దవాఖానలో ఏవో కాగితాలిచ్చారు. అమ్మ వేలిముద్ర కోసం నేను ఇంకు ప్యాడ్ అడిగి తెచ్చేలోపల, అమ్మ పెన్ను తీసుకుని తెలుగులో తన పేరు రాసేసింది.

"ఎప్పుడు నేర్చుకున్నవే?"

"శాన ఏండ్లాయె. నీ చెల్లె నేర్పింది."

కౌంటర్లోని అమ్మాయి నా చేతిలోని ఇంకు ప్యాడ్ చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ప్యాడ్ మూత పెట్టి ఆమెకే తిరిగిచ్చేశాను.