సోయా డబ్బా, దాచిన చీటీ

మా వైపు ఒక అలవాటు ఉంది. కొత్త డాక్టరు దగ్గరికి పోతే పాత డాక్టరు చీటీ చూపించం. చూపిస్తే "మరి ఆయన దగ్గరికే పోరాదు" అని కసురుకుంటారని భయం. చీటీ మడిచి సంచి అడుగున పెట్టి, అప్పుడే జబ్బు మొదలైనట్టు మొహం పెట్టి కూర్చుంటాం. నర్సింహులపేట దగ్గర అంగన్‌వాడీ టీచర్‌ని, పదిమంది తల్లులకు బుద్ధులు చెప్పేదాన్ని, నేను కూడా అదే చేశాను. చదువుకున్నదాన్నని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

మా చెల్లెల్ని దేవరుప్పులలో ఇచ్చాం. దాని బిడ్డకు పుట్టినప్పుడు వచ్చిన కామెర్లు నెల దాటినా తగ్గకపోతే మహబూబాబాద్‌లో పిల్లల డాక్టరుకు చూపించాం. మేం ఆ ఊరిని మానుకోట అనే అంటాం. ఆయన రక్తపరీక్ష చేయించి, పాపకు పుట్టుకతోనే థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదన్నాడు. రోజూ పొద్దున చిన్న గోలీ నలిపి పట్టాలి, ఒక్కరోజు కూడా తప్పొద్దు, మెదడు ఎదిగేది దీనితోనే అని రెండుసార్లు చెప్పాడు. కొన్ని రోజులకే పాప మొహంలో కళ వచ్చింది. పిలిస్తే తిరిగి చూసేది, కేరింతలు కొట్టేది. ఆ కేరింతలు నేను విన్నాను.

మూడో నెల దాటాక చెల్లెలికి టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాయి. బర్రెపాలు పడితే పాపకు విరేచనాలు పట్టుకున్నాయి, వాటిలో నెత్తుటి జీరలు. మా సెంటర్‌కు వచ్చే తండా తల్లి ఒకామె, చంటిబిడ్డ తల్లే, పాపను తెస్తే తన పాలిస్తానంది. ఎవరి పాలో మనకెందుకని మా అమ్మ అడ్డుపడింది. తల్లిపాల మీద గంటలకొద్దీ మాట్లాడే నేను అప్పుడు నోరు మెదపలేదు.

చెల్లెలు మంచం దిగలేని స్థితిలో ఉంది కనుక పాపను నేనే జనగామ తీసుకుపోయాను. అక్కడి డాక్టరు నెమ్మదైన మనిషి. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. మానుకోట చీటీ నా సంచిలోనే ఉంది. విరేచనాలకూ థైరాయిడ్‌కూ సంబంధమేమిటి అనుకున్నాను. ఏమీ లేవు సార్ అన్నాను. బర్రెపాలు, ఆవుపాలు పడని పిల్ల అని చెప్పి, సోయాతో చేసిన పాలపొడి రాశాడు. సోయా అంటే మాకు తెలిసింది కూరలో వేసుకునే మీల్‌మేకర్. కోళ్ల దాణాలో కలిపేది పిల్లకు పడతారా అని మా మరిది ఎగతాళి చేశాడు. నాలుగు రోజుల్లో విరేచనాలు కట్టాయి. అక్క ఉంది కాబట్టి పిల్ల బతికిందని అందరూ అన్నారు. నేను కాదనలేదు.

గోలీ మానలేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పరిగడుపున వేస్తే పేగులు కాలుతాయని అమ్మ అంటే, చెల్లెలు దాన్ని మెత్తగా నలిపి సోయా పాలసీసాలో కలిపేది. ఎంత శ్రద్ధగా చేసేదో.

పాప క్రమంగా నెమ్మదైపోయింది. ఏడుపు లేదు, మారాం లేదు, పొద్దంతా నిద్ర. ఒళ్లు చల్లగా ఉండేది. తల్లిని సతాయించని బుద్ధిమంతురాలని వాడకట్టంతా మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ నేనే మెచ్చుకున్నాను. పత్తి ఏరుడు అయిపోనీ, పరీక్షకు తర్వాత పోదామనుకుంటూ ఆపాం. తొమ్మిదో నెల నిండినా మెడ సరిగా నిలవకపోయేసరికి మళ్లీ మానుకోట పోయాం.

రక్తపరీక్ష కాగితం చూసి ఆ డాక్టరు గోలీ ఎందుకు మానేశారని అడిగాడు. మానలేదని చెల్లెలు ఒట్టు పెట్టుకుంది. ఏం పాలు పడుతున్నారన్నాడు. జనగామలో రాశారని చెప్పి డబ్బా తీసి చూపించింది. ఆయన డబ్బా మీద రాసింది చదివాడు. సోయా విషమేమీ కాదు, అది తాగి పెరిగిన పిల్లలు ఉన్నారు, కానీ ఈ గోలీని ఒంటికి పట్టనివ్వదు అన్నాడు. పాలకూ గోలీకీ మధ్య గంటల ఎడం ఉంచి, తరచూ రక్తం చూసి మోతాదు పెంచాల్సింది. పాలలోని ప్రోటీన్‌ను ముందే విరగ్గొట్టి చేసే వేరే పొడి ఉందట, అది ఈ పాపకు పడేది. తండా తల్లి పాలైనా పడేవేమో, అది మాత్రం నేను అడగలేదు.

"జనగామల ఈ చీటీ చూపించలేదా?" అన్నాడు.

"చూపించింది సార్. మా అక్క సదువుకున్నది, అన్ని చూపించింది" అంది చెల్లెలు.

నేను తలూపాను. తెలిసీ ఎట్లా రాశాడని జనగామ డాక్టరు మీద ఆయన విసుక్కుంటుంటే వింటూ కూర్చున్నాను.

పొడి మార్చాం, మోతాదు మార్చాం. పాప ఒళ్లు కోలుకుంది, తెలివి కోలుకోలేదు. పోయిన కాలాన్ని ఏ మందూ వెనక్కి తేలేదని డాక్టరు చెప్పినా వినక, భూపాలపల్లి వైపు ఆకుపసరు పోసేవాడి దగ్గరికి కూడా తిరిగాం. ఇప్పుడు పాపకు ఆరేళ్లు. ఎవరినీ పేరు పెట్టి పిలవదు, తల్లిని అమ్మా అని కూడా అనదు. తన చేతులతోనే సీసాలో కలిపానని చెల్లెలు ఇన్నేళ్లుగా ఏడుస్తోంది. ఏడ్చినప్పుడల్లా దాన్ని ఓదార్చింది నేనే. నాకంటే సిగ్గులేని మనిషి ఉండదు.

పోయిన నెల ఇక ఓర్చుకోలేక చెప్పేశాను. చీటీ దాచింది నేనని, ఏ మందూ లేదన్నది నేనని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. అది పాప మూతి తుడుస్తూ, నా వైపు చూడనైనా లేదు.

"నాకెందుకు చెప్తవ్ అక్కా. దానికి చెప్పు."

పాప ముందు కూర్చుని చెప్పాను. జనగామ దవాఖాన సంగతి, సంచిలోని చీటీ సంగతి, అన్నీ చెప్పాను. పాప నా నోరు కదలడం చూసి నవ్వింది.